రాజీనామాకు ముందు జమాఖర్చు

పెద్ద కంపెనీలో ఉద్యోగము వదలి, నాలుగెకరాలు కొని, తన తిండి తానే పండించుకొనుచున్న యువకుని గూర్చి పత్రికలలో తరచు చదువుచున్నాము. ఫోటోలో అతని వెనుక పచ్చని మడి, ప్రక్కన ఒక ఆవు. మన విద్యార్థులలో కొందరు ఉద్యోగములో చేరకమునుపే ఆ రాజీనామాను గూర్చి కలలు కనుచున్నారు. ఆ కలను మేము ఎగతాళి చేయబోము. దాని జమాఖర్చు మాత్రము ముందుగా చూడవలెనని మా మనవి.

ఈ దారిని నూరేండ్ల క్రిందటనే నడచినవాడొకడు గలడు. ఆయన రాల్ఫ్ బోర్సోడీ. న్యూయార్కులో మేసీస్ వంటి పెద్ద దుకాణములకు వ్యాపార సలహాదారు. 1920లో, తామున్న అద్దె యిల్లు అమ్ముడుపోగా, భార్యాబిడ్డలతో నగరము వెలుపల సఫర్న్ సమీపమున ఏడెకరాల చోటికి తరలినాడు. ఆ వేసవిలోనే ఆయన భార్య తోటలోని టమాటాలను నిలువచేసినది. వ్యాపారి బుద్ధి ఊరకుండునా? ఆమె శ్రమతో సహా ఖర్చులన్నియు లెక్కగట్టి చూడగా, అంగడిలోని డబ్బా ధరకన్న ఇంటి సరుకు నూటికి 20 నుండి 30 వంతులు చౌకగా తేలినది. ఫ్యాక్టరీలో తయారీ చౌకయే. కాని రవాణా, గిడ్డంగి, ప్రకటనలు, దళారీ కలిసి ఆ లాభమును మ్రింగివేయుచున్నవని ఆయన గ్రహించినాడు. ఆయన యంత్రద్వేషియు కాడు. విద్యుత్తుతో నడచు పిండిమర ఇంటిలోనే పెట్టించుకొన్నాడు. 1933లో ప్రచురించిన 'ఫ్లైట్ ఫ్రం ది సిటీ' అను గ్రంథములో ఈ లెక్కలన్నియు ఉన్నవి.

పత్రికల కథలలో కానరాని సంగతి ఒకటి ఇందులో గలదు. బోర్సోడీ తొలి సంవత్సరములలో నగరపు సంపాదనను వదలలేదు. ఇల్లు నిలదొక్కుకొనువరకు ఆ జీతమే దానికి ఊతము.

ఇప్పుడు మన టమాటాను చూతము. మదనపల్లె మార్కెట్టులో ధర పడిపోయినపుడు కోతకూలి కూడ గిట్టక రైతు పంటను రోడ్డు ప్రక్కన పారబోయుట మనమెరిగినదే. ఉద్యోగము మాని పదెకరాలలో టమాటా వేసినవాడు స్వయంపోషకుడు కాడు. ఒక యజమానిని విడిచి అంతకన్న కఠినుడైన యజమాని కొలువులో చేరినవాడు. ఇంటికి కావలసిన పప్పు, కూర, పాలు, గ్రుడ్లు పండించుకొనుట వేరు, సంతకు పండించుట వేరు. ఈ రెంటిని కలగాపులగము చేసినందువలననే చాలమంది మూడవ ఏట తిరిగి నగరము చేరుచున్నారని మా అభిప్రాయము.

మరియొక మాట. రాజీనామా అను పదములోని 'రాజీ'కి సమ్మతి అని అర్థమని ఉర్దూ విద్యార్థులకు చెప్పనక్కరలేదు. ఎవరి సమ్మతి? పాలు పితుకుట, పేడ తీయుట, ఊరగాయ పెట్టుట ఎవరి వంతున పడునో ముందుగా ఇంటి ఆడవారిని అడిగినవారెందరు? బోర్సోడీ తన భార్య శ్రమకు వెల కట్టినాడు. మనవారు దానిని లెక్కలోనికే తీసికొనరు.

మన విద్యార్థులలో పలువురికి సెంటు భూమియైనను లేదు. కౌలుమడిలో నడుము వంచిన తండ్రి, నీవైనను ఆఫీసులో కూర్చుండవలెనని చదివించుచున్నాడు. అట్టి తండ్రికి రాజీనామా కథ వినిపించుటకు మాకు నోరు రాదు. అతనికి పనికివచ్చునది పెరటి పాదు, రెండు మేకలు, నాలుగు కోళ్ళు. జీతమును వదలక, దానిని మిగుల్చు సాధనములు.

పాలకవర్గము వారికి ఒక విన్నపము. వసతిగృహము వెనుక ఖాళీ స్థలములో అరయెకరమును విద్యార్థులకు అప్పగింపుడు. ఏడాది పాటు వంటశాలకు ఆకుకూరలు, టమాటా, వంకాయ వారు పండింతురు. కామర్సు విద్యార్థులు విత్తనము మొదలు కూలి వరకు పద్దు వ్రాసి, బజారు ధరతో సరిచూచి, వచ్చే సంచికలో ప్రకటింతురు. వేసవిలో బోరు ఎన్నాళ్ళు నీరిచ్చినదో కూడ అందులో ఉండవలెను.