ధ్యానానికి ముందు యమం: కళాశాల విద్యార్థులు, సామాజిక స్పృహ

ఇటీవలి సంవత్సరాలలో సాంకేతిక, వైద్య కళాశాలల ప్రవేశ కార్యక్రమాలలో ధ్యానశిక్షణ తరచుగా కనిపిస్తున్నది. అఖిల భారత సాంకేతిక విద్యా మండలి 2018 నాటి ఆదర్శ పాఠ్యప్రణాళికలో నూతన విద్యార్థులకు మూడు వారాల పరిచయ కార్యక్రమాన్ని విధించి, అందులో మానవీయ విలువల బోధనకు స్థానం కల్పించింది. ఆ దినాలలో సభామందిరంలో వందలాది విద్యార్థులు నేత్రాలు మూసుకొని, వెన్ను నిటారుగా నిలిపి, ఉచ్ఛ్వాస నిశ్శ్వాసలను గమనిస్తూ కూర్చుంటారు. దీనికి మైండ్‌ఫుల్‌నెస్ అనే పేరు స్థిరపడింది. అనంతరం అందరూ భోజనశాలకు వెళతారు. అక్కడ తండ్రి వయస్సు గల వడ్డనవానిని "ఒరేయ్, సాంబారు!" అని పిలిచేవారు కొందరు. సగం తిన్న పళ్లెం బల్లమీదనే విడిచిపోయేవారు కొందరు. పల్లెనుండి వచ్చిన సహాధ్యాయి ఆంగ్లోచ్చారణను అనుకరించి నవ్వేవారు మరికొందరు. సూక్ష్మమైన శ్వాసను గమనించగలిగిన చిత్తానికి ఎదుట నిలిచిన మనిషి ముఖం ఎందుకు కనబడలేదు?

ఆస్తిక సమాజంలో దీనికి ఒక సిద్ధమైన సమాధానం వినిపిస్తుంది. పాశ్చాత్యులు మన ధ్యానాన్ని తీసుకొనిపోయి, ధర్మాన్ని వేరుచేసి, పొట్టును మనకే తిరిగి అమ్ముతున్నారని. ఇందులో సత్యం కొంత, అభిమానం అధికం. పాలీ భాషలోని 'సతి' శబ్దాన్ని రీస్ డేవిడ్స్ 1881లో ఆ ఆంగ్లపదంతో అనువదించాడు. ఆ సతి మన సంస్కృత 'స్మృతి'యే. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యకళాశాలలో జాన్ కబాట్-జిన్ దీర్ఘవ్యాధులతో బాధపడేవారి కొరకు ఈ అభ్యాసాన్ని ఎనిమిది వారాల శిక్షణగా కూర్చాడు. రోగి బాధను తగ్గించబూనిన ఆ ప్రయత్నంలో నిందించదగినది ఏమీ లేదు. గమనించవలసినది మరొకటి. బౌద్ధుల సతిపట్ఠాన సూత్రం సాధకుని తనలో గమనించమన్నది, వెలుపల గమనించమన్నది, ఆపై రెండింటినీ కలిపి గమనించమన్నది. నేటి సభామందిరాలలో మొదటి మాట మాత్రమే మిగిలింది. అమరావతి, నాగార్జునకొండలలో భిక్షుసంఘాలు నివసించిన కృష్ణాతీరానికి ఆ రెండవ మాట అపరిచితం కాదు.

మన శాస్త్రాలలోనూ ఈ లోపానికి ఆస్కారం లేదు. భగవద్గీత ఆరవ అధ్యాయం ధ్యానయోగం. ఆసనం ఎట్లుండాలి, దృష్టి ఎచట నిలపాలి, ఆహారనిద్రలు ఎంత పరిమితంగా ఉండాలి అన్నీ అందులో చెప్పబడినాయి. చాలామంది పఠనం ఇంతటితో ఆగిపోతుంది. అదే అధ్యాయంలో ముప్పది రెండవ శ్లోకానికి వచ్చేసరికి భగవానుడు పరమయోగి లక్షణాన్ని నిర్ణయిస్తూ, ఇతరుల సుఖదుఃఖాలను తనవానివలె చూడగలగడాన్ని ప్రమాణంగా నిలిపాడు. పతంజలి అష్టాంగాలలో ధ్యానం ఏడవది. మొదటిది యమం, యమాలలో మొదటిది అహింస. ఏడవ మెట్టును ఊడదీసి నేలమీద పెట్టి, దానిపై నిలబడినవారికి ఎత్తు ఎక్కిన భావన కలగవచ్చు.

అదే పతంజలి చిత్తప్రసాదానికి నాలుగు భావనలు చెప్పాడు: సుఖవంతుల యెడ మైత్రి, దుఃఖితుల యెడ కరుణ, పుణ్యవంతుల యెడ ముదిత, పాపుల యెడ ఉపేక్ష. ఈ నాలుగింటినీ కళాశాల నాల్గవ సంవత్సరంలో, ఉద్యోగాల ఎంపిక జరిగే మాసాలలో పరీక్షించి చూడవచ్చు. ఎంపికైనవారి పేర్ల పట్టిక వెలువడుతుంది. ఒకే గదిలోని నలుగురిలో ఇద్దరి పేర్లు ఉంటాయి, ఇద్దరివి ఉండవు. పేరు లేనివానికి ఉన్నవానియందు మైత్రి నిలుపుకోవడం ఎంత కఠినమో, పేరు ఉన్నవానికి ఆ రాత్రి తన సంతోషపు ధ్వనిని కొంచెం తగ్గించుకోవాలని తోచడం అంత అరుదు. మూడు సబ్జెక్టులు మిగిలిపోయిన మిత్రుడు పట్టిక వైపు చూడకుండానే దుప్పటి కప్పుకొని పడుకుంటే, వాడు నిద్రపోతున్నాడని అందరూ నమ్మడానికే ఇష్టపడతారు. కరుణకు అక్కడ ఆటంకం కాఠిన్యం కాదు, అనవధానం. తెలుగులో దానికి 'పరాకు' అనే చక్కని మాట ఉన్నది.

అవధాన శబ్దాన్ని తెలుగువారికి వివరించనవసరం లేదు. అష్టావధాని ఏకాంతగుహలో కూర్చోడు. ఎనిమిదిమంది పృచ్ఛకుల మధ్య కూర్చుంటాడు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు అక్షరాన్ని నిషేధిస్తారు, ఒకరు అప్రస్తుత ప్రసంగంతో చిత్తాన్ని లాగుతారు, ఎక్కడో గంట మ్రోగుతుంటుంది. ఎవరినీ విసుక్కోకుండా, ఎవరినీ మరవకుండా అందరికీ బదులిచ్చినప్పుడే అవధానం పూర్తి అయినట్లు. వేదాధ్యయనంలోనూ ఇంతే. గురువు ఒకమారు పలికిన దానిని శిష్యులు రెండుమార్లు పలికే సంతలో తన కంఠం కంటె పక్కవాని కంఠాన్ని అధికంగా వినవలసి ఉంటుంది. స్వరం తప్పినప్పుడు ముందుగా పసిగట్టేది పక్కన కూర్చున్న బాలుడే. ఆలయంలో రాజోపచారాల వేళ స్వామికి వేదాన్ని నివేదించేటప్పుడు 'అవధారయ' అని విన్నవిస్తారు. సర్వజ్ఞుడైన భగవంతుని సైతం మన సంప్రదాయం ముందుగా అర్థించేది ఆలకించమనే.

మహాభారత అరణ్యపర్వంలో మార్కండేయుడు ధర్మరాజుకు చెప్పిన కౌశికుని కథ, తెలుగులో ఎఱ్ఱన చేతిమీదుగా వచ్చినది, ఈ సందర్భానికే చెప్పినట్లుంటుంది. కౌశికుడు విద్యార్థి, తపస్వి, ఏకాగ్రత గలవాడు. చెట్టు క్రింద వేదం వల్లిస్తుండగా పైనుండి కొంగ రెట్ట వేసింది. అతడు కోపంతో చూడగా అది చచ్చి పడింది. తరువాత భిక్షకు వెళ్లిన ఇంట గృహిణి నిలువుమని చెప్పి, అంతలో ఆకలితో వచ్చిన భర్తకు అన్నం పెట్టి, ఆలస్యానికి సిగ్గుపడుతూ భిక్ష తెచ్చింది. అతడు మండిపడగా, తాను కొంగను కానని ఆమె శాంతంగా చెప్పింది. వనంలో జరిగినది వంటింట్లోని స్త్రీకి తెలిసింది. ఎదుటి స్త్రీకి ఇంట్లో పని ఉంటుందన్నది మాత్రం వేదం చదివినవానికి తోచలేదు. ఆమె అతనిని మిథిలలో మాంసం అమ్ముకొనే వ్యాధుని వద్దకు పంపింది. ఆ వ్యాధుడు అంగడిలో లేచి నిలిచి గౌరవించి, ఇంటికి తోడ్కొనిపోయి, ధర్మం ఉపదేశించి, తాను సేవిస్తున్న వృద్ధ మాతాపితరులను చూపించాడు. కౌశికుడు తన తల్లిదండ్రుల అనుజ్ఞ పొందకుండానే చదువుకు బయలుదేరాడనీ, వారు దుఃఖంతో అంధులైనారనీ చెప్పి ఇంటికి మరలించాడు.

ఈ కథను సభలలో పతివ్రతా మాహాత్మ్యంగా చెప్పి ముగించడం ఆనవాయితీ. అందులోని మరొక అంశాన్ని సంప్రదాయాభిమానులు దాటవేయరాదు. బ్రాహ్మణుడు కూర్చుని నేర్చుకున్నాడు, మాంసవిక్రేత నేర్పాడు. నేటి వసతిగృహాలలో "నీ ర్యాంకు ఎంత?" అనే ప్రశ్న అనేకసార్లు కుశలప్రశ్న కాదు. సీటు ఏ వర్గం క్రింద వచ్చిందో తెలుసుకొనే మార్గం అది. ఆ క్షణం నుండి కొందరి పక్కన కుర్చీలు ఖాళీగా ఉంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లో వచ్చింది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం కులవివక్షను నిషేధిస్తూ 2012లో సమతా నిబంధనలు ప్రకటించింది. నిబంధన అవమానాన్ని శిక్షించగలదు. ఖాళీ కుర్చీలో వెళ్లి కూర్చోమని ఎవరికీ ఆజ్ఞాపించలేదు. ధర్మవ్యాధుని కథను భక్తితో వినే గృహాలనుండి వచ్చిన పిల్లలే ఆ ప్రశ్న అడుగుతున్నప్పుడు, ఆ కథ చెప్పినవారు తలవంచుకోవలసి ఉంటుంది.

అయితే దోషమంతా విద్యార్థులపై మోపడం అన్యాయం. పదిహేనవ ఏట ఇంటర్మీడియట్‌లో చేరిననాటినుండి మార్కుల ప్రకారం విభజించిన సెక్షన్లలో, పక్కవాడు ప్రత్యర్థి అన్న శిక్షణ రెండు సంవత్సరాలు నిర్విరామంగా జరుగుతుంది. విశాఖపట్నంలో వైద్యవిద్యా ప్రవేశపరీక్షకు సిద్ధమవుతున్న ఒక బాలిక మరణానికి సంబంధించిన వ్యాజ్యంలో 2025 జూలైలో సర్వోన్నత న్యాయస్థానం జారీ చేసిన మార్గదర్శకాలలో, ప్రతిభను బట్టి విద్యార్థులను వేర్వేరు బృందాలుగా విడదీయడం మానాలన్నది కూడా ఒకటి. న్యాయమూర్తులు చెప్పవలసి వచ్చిన ఈ మాటను తల్లిదండ్రులు ముందే చెప్పి ఉండవలసినది. పరీక్షల మాసంలో హాల్‌టికెట్లు పళ్లెంలో పెట్టి గోత్రనామాలతో అర్చన చేయించేవారు ఏ ఆలయంలోనైనా కనిపిస్తారు. తమ బిడ్డతో గదిలో ఉండే పిల్లవాని పేరు కూడా సంకల్పంలో చేర్చమని అడిగేవారు అరుదు.

కళాశాలలు ధ్యానాన్ని మానవలసిన పని లేదు. దానికి ముందు యమాన్ని నిలపవలసి ఉంది. వారంలో ఒక పూట విద్యార్థులే భోజనశాలలో వడ్డించి పళ్లేలు కడగడం ఒక మార్గం. అంతకంటె ఉత్తమమైనది మరొకటి ఉన్నది, దీనికి ద్రవ్యవ్యయం కూడా లేదు. అంధవిద్యార్థులు పరీక్ష వ్రాయడానికి లేఖకులు కావాలి. లేఖకుని విద్యార్హత అభ్యర్థి కంటె తక్కువ ఉండాలనే నియమం సాధారణం కనుక, డిగ్రీ చివరి సంవత్సరం అభ్యర్థికి ఇంటర్మీడియట్ విద్యార్థి చాలును. అయినా పరీక్షల కాలంలో లేఖకులు దొరకక అభ్యర్థులు, వారి తల్లిదండ్రులు తిరుగాడుతుంటారు. అటువంటి అభ్యర్థులకు గంటకు ఇరవై నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలి కనుక, మూడు గంటల పరీక్ష నాలుగు గంటలవుతుంది. ఆ నాలుగు గంటలూ లేఖకుడు తన జ్ఞానాన్ని పక్కన పెట్టాలి. సమాధానం తనకు తెలిసినా చెప్పరాదు, వాక్యం తనకు నచ్చకపోయినా మార్చరాదు. ఎదుటివాడు ఆగినచోట ఆగాలి. మరల మొదలుపెట్టేవరకు కలం కాగితంపై ఎత్తి పట్టుకొని, అతని పెదవుల వైపు చూస్తూ కూర్చోవాలి.