డార్విన్‌ను అద్దెకివ్వకండి

మాదాపూర్‌లో మిణుగురులు నశిస్తే అది "పరిణామ నియమమే"నని కొందరు మేధావుల వాదం. గుడిసెలు లేచిపోయినా వారు చెప్పేది ఇదే. ఇది విజ్ఞానం కాదంటాను నేను.

2018లో శాస్త్రజ్ఞులు మిణుగురుల జన్యువులను పరిశీలించి తేల్చిందేమిటి? కొవ్వు ఆమ్లాలపై పనిచేసే మామూలు ఎంజైమ్ జన్యువు రెట్టింపై, మారుతూ మారుతూ, వెలుగునిచ్చే లూసిఫరేజ్‌కు జన్యువైంది. దాయాదులైన మరో తెగ పెంకుపురుగుల్లో వెలుగు విడిగా పుట్టింది. ఇదంతా కోట్ల ఏళ్ల పని.

మరి మాదాపూర్‌లో జరిగిందేమిటి? 1998లో సైబర్ టవర్స్ తెరిచారు. 2020లో దుర్గం చెరువు వంతెనకు రంగుదీపాలు పెట్టారు. నత్తల్ని తిని పెరిగే పిల్లపురుగుకు తడినేల కావాలి, మెరిసి జోడును పిలిచే పెద్దపురుగుకు చీకటి కావాలి. రెంటినీ లాక్కునేది ప్రకృతి కాదు, భూమి ధర.

2025 ఏప్రిల్‌లో పక్కనే కంచ గచ్చిబౌలిలో చెట్లు కూల్చింది ప్రకృతివరణమా, బుల్డోజర్లా? విద్యార్థులు ఎదిరించారు, సుప్రీంకోర్టు ఆపింది. ప్రకృతి నియమమే అయితే కోర్టు ఆపగలిగేదా? మనుషులు చేసినది గనుకనే మనుషులు ఆపగలిగారు.