పండితులు ప్రోగ్రామర్లయితే తప్పా?

తెలుగు చదివినవారు, చరిత్ర చదివినవారు, కామర్సు చదివినవారు తమ వృత్తిని విడిచి సాఫ్ట్‌వేరు రంగంలోకి వెళ్ళడాన్ని గురించి మనలో రెండు మాటలు వినబడుతుంటాయి. "ఏం చదివితేనేం, అమీర్‌పేటలో మూడు నెలలు కూర్చుంటే చాలు" అనేది మొదటిది. "లెక్కలు రానివాడికి కంప్యూటరెందుకు" అనేది రెండవది. మొదటిది మోసం, రెండవది అజ్ఞానం అని నా అభిప్రాయం. మూడు దశాబ్దాలకు పైగా తెలుగు పండితుడిగా నల్లబల్ల ముందు నిలబడ్డవాడివి, ఇందులో నీకేం అధికారమని మీరు అడగవచ్చు. అధికారమేమీ లేదు. నా దగ్గర చదువుకొని, తెలుగే చెప్పుకొని బ్రతికి, ఆ పైన అటు వెళ్ళినవారిని దగ్గరగా చూశాను, అంతే.

ముందుగా అజ్ఞానం సంగతి. ప్రోగ్రామింగు అంటే గణితమేనని మన తల్లిదండ్రుల నమ్మకం. కొన్ని శాఖలలో అది నిజమే కావచ్చు. కానీ నిత్యం జరిగే పనిలో అధికభాగం వేరు. ఒక నియమం చెప్పడం, దానికి అపవాదం చెప్పడం, రెండు నియమాలు ఒకేచోట తలపడితే ఏది గెలుస్తుందో ముందే తేల్చి పెట్టడం. వ్యాకరణం చదివినవాడికి ఇది కొత్త విద్యా? పాణిని సుమారు నాలుగు వేల సూత్రాలలో చేసినది ఇదే కదా! ఒకసారి చెప్పిన పదాన్ని కింది సూత్రాలకు అనువృత్తిగా దించడం, వర్ణసముదాయాలకు ప్రత్యాహారాలనే పొట్టి పేర్లు పెట్టడం, చివరి మూడు పాదాలలోని సూత్రాల ఫలితం ముందరి సూత్రాలకు కనబడకుండా కట్టడి చేయడం... ఇవన్నీ గుర్తున్నవారికి ప్రోగ్రామింగు పుస్తకం తెరిస్తే పాత చుట్టాలు కొత్త బట్టల్లో కనబడ్డట్లుంటుంది. 1967లో ఇంగర్మన్ అనే ఆయన కంప్యూటరు శాస్త్రజ్ఞుల పత్రికకు ఉత్తరం వ్రాస్తూ, ప్రోగ్రామింగు భాషల వ్యాకరణాన్ని వర్ణించే బ్యాకస్ పద్ధతికి పాణిని పేరు కూడా చేర్చాలని సూచించాడు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. "కంప్యూటరుకు సంస్కృతమే ఉత్తమ భాష అని నాసా ప్రకటించింది" అని సభల్లో చెప్పి చప్పట్లు కొట్టించుకొనే మిత్రులు నాకు చాలామంది ఉన్నారు. అటువంటి ప్రకటన ఏదీ లేదు. 1985లో రిక్ బ్రిగ్స్ అనే పరిశోధకుడు కృత్రిమ మేధ పత్రికలో ఒక వ్యాసం వ్రాశాడు. శాస్త్రకారులు వాక్యార్థాన్ని విడదీసి చూపే పద్ధతికీ, యంత్రానికి జ్ఞానాన్ని అందించే పద్ధతికీ పోలిక ఉందన్నది అందులోని విషయం. ఆయన పనిచేసిన చోటు నాసా పరిశోధన కేంద్రం. అంతమాత్రాన ఆ వ్యాసం నాసా శాసనమైపోదు. పాణిని గొప్పతనానికి అబద్ధపు సాక్ష్యం అక్కర లేదు.

తెలుగుకే వద్దాం. ఒక పద్యం ఉత్పలమాల అవునో కాదో తేల్చాలంటే ఏం చేస్తాం? పాదానికి ఇరవై అక్షరాలుండాలి. భ, ర, న, భ, భ, ర, వ అనే వరుసలో గణాలు పడాలి. పదవ అక్షరం యతిస్థానం. రెండవ అక్షరం ప్రాస. గురులఘువులు గుర్తించేటప్పుడు, పక్కన సంయుక్తాక్షరం ఉంటే ముందరి హ్రస్వం కూడా గురువవుతుంది గనుక, తరువాతి అక్షరం చూడనిదే ముందుది తేలదు. పదేళ్ళపాటు పిల్లలకు ఈ లెక్క నేర్పినవారు, వరుస తప్పకుండా ఆలోచించడం తమకు రాదని భయపడటమెందుకు? పద్యం ఇస్తే ఛందస్సు చెప్పే ప్రోగ్రాములు ఇప్పుడు ఇంటర్నెట్టులోనే ఉన్నాయి. వాటిని వ్రాయడానికి గణవిభజన తెలిసిన తల ఒకటి కావాలి.

అయితే యంత్రం దగ్గర చెల్లని మాట ఒకటి మన వ్యాకరణంలో ఉంది. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో నిత్యం అన్నాడు, వికల్పం అన్నాడు, బహుళం కూడా అన్నాడు. నిత్యం యంత్రానికి అర్థమవుతుంది. వికల్పమూ అర్థమవుతుంది. ఒకచోట అవుతుంది, ఒకచోట కాదు, ఒకచోట రెండూ అవుతాయి, ఇంకొకచోట వేరొకటి అవుతుంది అనే బహుళాన్ని కోడులో పెట్టమంటే పెద్ద పెద్ద ఇంజనీర్లే తల పట్టుకుంటారు. భాషాశాస్త్రం చదివినవారి అవసరం అక్కడే ఉంది.

అక్షరాల లెక్క మరొక ఉదాహరణ. "స్త్రీ" అన్న మాటలో అక్షరాలెన్ని అని మూడవ తరగతి పిల్లవాడిని అడిగితే ఒకటి అంటాడు. యూనికోడులో అది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం. తెలుగు తెలియని ప్రోగ్రామరు వ్రాసిన లెక్క ఆరు అంటుంది. అదే ప్రోగ్రాము మాటను తిరగేయమంటే ఒత్తులూ గుణింతాలూ చెల్లాచెదురవుతాయి. బడిలో మనం "హ" తరువాత చెప్పుకొనే "ళ" యూనికోడులో "ల" పక్కనే కూర్చుంది. సంకేతాల వరుసనే నమ్ముకొని పేర్ల జాబితా తయారుచేస్తే "ళ"తో కూడిన పేరు వర్ణమాల చెప్పిన చోట ఉండదు. ఇవి తప్పులని కనిపెట్టడానికి ఇంజనీరింగు పట్టా సరిపోదు, ఓనమాలు సరిగ్గా వచ్చి ఉండాలి.

ఇక మోసం. మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో నిజాయితీగా పాఠం చెప్పేవారు లేరని నేననను. చాలామంది అక్కడ నేర్చుకొనే నిలదొక్కుకున్నారు. నా ఆక్షేపణ రెండు సరుకుల మీద. ఒకటి, చేయని ఉద్యోగాన్ని మూడేళ్ళు చేసినట్లు కాగితం పుట్టించడం. రెండవది, లక్షలు పుచ్చుకొని దొడ్డిదారిన ఉద్యోగం ఇప్పిస్తామనడం. వృత్తి మారేవారే వీటికి ఎక్కువగా చిక్కుతారు, ఎందుకంటే ముప్పై రెండేళ్ళ వయసులో "నాకు అనుభవం లేదు" అని చెప్పుకోవడం సిగ్గనిపిస్తుంది. పదేళ్ళు బడిలో పనిచేసిన మనిషి ఆ పదేళ్ళనూ చెరిపేసి, లేని మూడేళ్ళు వ్రాసుకోవడం ఎంత విషాదమో ఆలోచించండి! తరువాత విచారణలో ఆ కాగితం బయటపడితే కొత్త ఉద్యోగమూ ఉండదు, పాత పేరూ ఉండదు.

కాలం కూడా మునుపటిది కాదు. 2000 సంవత్సరానికి ముందు వైటూకే పుణ్యమా అని కోబాల్ నేర్చినవారికి గిరాకీ పలికింది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చింది. కొత్తవారికి ఇచ్చే చిన్న చిన్న కోడు ముక్కలు ఇప్పుడు యంత్రమే వ్రాసి పెడుతోంది. 2025 జూలైలో టీసీఎస్ తన సిబ్బందిలో సుమారు 2 శాతాన్ని, అంటే 12 వేల మందికి పైగా, తగ్గిస్తున్నట్లు ప్రకటించింది. మూడు నెలల కోర్సుతో జీవితం స్థిరపడుతుందని చెప్పేవారు ఈ వార్తలు చదవరా, లేక మనం చదవమని వారి ధీమానా?

మరి వెళ్ళవద్దని చెబుదామా? నా పూర్వ విద్యార్థిని ఒకామె, ఎం.ఏ. తెలుగు, పండిత శిక్షణ పూర్తిచేసి ఒక ప్రైవేటు బడిలో పదేళ్ళు పనిచేసింది. ఇద్దరు పిల్లలు. సెలవుల్లో జీతం లేదు. ప్రభుత్వ ఉద్యోగం చూసుకోమ్మా అని తేలికగా అనేస్తాం. ఆంధ్రప్రదేశ్‌లో 2018 తరువాత పెద్ద డీఎస్సీ 2025లో గానీ రాలేదు, 16,347 పోస్టులతో. తెలంగాణలో 2017 తరువాత 2024లో, 11,062 పోస్టులతో. అందులో తెలుగు పండితుల వాటా ఎంత? ఆ మధ్య ఏళ్ళలో ఆమె ఇంట్లో పొయ్యి ఆగి ఉంటుందా? "మాస్టారూ, పైథాన్ నేర్చుకొని వెళ్ళిపోదామనుకుంటున్నాను, మీరేమంటారు?" అని అడిగినప్పుడు ఉండిపొమ్మనడానికి నాకు నోరు రాలేదు. వెళ్ళమనే చెప్పాను.

వెళ్ళేముందు పాటించమని కొన్ని చెప్పాను. ఆరు నెలలు ఉద్యోగం మానకుండా రాత్రిళ్ళు నేర్చుకోమన్నాను. ఫీజు కోసం బంగారం తాకట్టు పెట్టవద్దన్నాను. దరఖాస్తులో తెలుగు పండితురాలినన్న సంగతి దాచవద్దని, అదే మొదటి వరుసలో పెట్టమని గట్టిగా చెప్పాను. ఇంగ్లీషులో ఉన్న సూచనలు చదివి అర్థం చేసుకోవడం ఆమెకు కోడు కంటే కష్టమైంది. నిఘంటువు పక్కన పెట్టుకొని చదివింది, మేము పూర్వం కావ్యాలు చదివినట్లే.

ఆమె సాధన కోసం మొదట వ్రాసుకున్న ప్రోగ్రాము తెలుగు మాటల్లో అక్షరాలు లెక్కపెట్టేది. "స్త్రీ" దగ్గర ఆరు అని వచ్చిందట. యంత్రం తప్పా, తన తప్పా అని నాలుగు రోజులు కొట్టుకొని, చివరకు ఒకటి అనిపించింది. తెలుగు టైపింగు యాప్ తయారుచేసే ఒక చిన్న సంస్థ ఇంటర్వ్యూలో ఆ ప్రోగ్రామునే చూపించింది. తప్పులు పట్టే పని ఇచ్చారు. తప్పులు పట్టడం మా వృత్తి కదా, ఎర్ర సిరా లేదంతే. మొదటి ఏడాది జీతం గొప్పదేం కాదు, కానీ మే నెలలో కూడా వచ్చింది.

విద్యాసంవత్సరం మధ్యలో మానకుండా, పదవ తరగతి పిల్లల పరీక్షలు అయ్యాకే ఆమె బడి విడిచింది. వెళ్ళి రెండేళ్ళవుతోంది. ఆ బడివారు ఆమె స్థానంలో ఇంతవరకు మరొక తెలుగు పండితుణ్ణి తీసుకోలేదు. హిందీ చెప్పే ఆవిడే ఆ పీరియడ్లు కూడా చూస్తున్నారట. ఛందస్సు పాఠం వచ్చినప్పుడు మాత్రం గైడు చూసి వ్రాసుకోమంటున్నారని పిల్లలు చెప్పారు.