గోడ మీది నోటీసు చాలదు

1973లో సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఒక పట్టభద్రుడు ఫ్రాంక్ మూర్‌హౌస్ పుస్తకం నుండి ఒక కథను జిరాక్స్ తీశాడు. చట్టాన్ని పరీక్షించే ఉద్దేశంతోనే చేసిన ఆ చిన్న పని, ఈ దేశపు అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టు దాకా వెళ్ళింది. యంత్రాన్ని అందుబాటులో ఉంచి, దాని దుర్వినియోగాన్ని అరికట్టేందుకు తగిన చర్యలు తీసుకొనకపోతే, ఆ తప్పును విశ్వవిద్యాలయం అనుమతించినట్లేనని 1975లో తీర్పు వెలువడింది. అక్కడ ఉంచిన నోటీసు చాలదని తేలింది.

తరువాత కంప్యూటర్లు వచ్చాయి. 2003లో సోనీ, ఇ.ఎం.ఐ., యూనివర్సల్ సంగీత సంస్థలు మెల్‌బోర్న్, సిడ్నీ, టాస్మానియా విశ్వవిద్యాలయాలపై ఫెడరల్ కోర్టుకెక్కాయి. వాటి కంప్యూటర్లలో పాటల అక్రమ నకళ్ళకు గల ఆధారాలను వెలికితీయడమే వాటి ఉద్దేశం.

అయినా నేటికీ కొత్త విద్యార్థికి దక్కుతున్నది చాలాచోట్ల పేజీలకొద్దీ నిబంధనలు, అడుగున 'అంగీకరిస్తున్నాను' అనే మీట. ఇదీ గోడ మీది నోటీసు వంటిదే. రసాయన ప్రయోగశాలలో సంతకం పెట్టించుకొని ఆమ్లం సీసా చేతికివ్వరు. నీటిలోనే ఆమ్లాన్ని పోయాలి గాని ఆమ్లంలో నీటిని పోయరాదని, పోస్తే వేడికి నీరు మరిగి ఆమ్లం ముఖాన చిందుతుందని, కారణంతో సహా దగ్గరుండి చూపుతారు. కంప్యూటర్ విషయంలోనూ బోధన అలాగే సాగాలి.

విద్యార్థులు పెద్దవారే కదా, చట్టం తెలియదంటే చెల్లుతుందా అని కొందరి వాదన. నిజమే, చెల్లదు. కాని స్వదేశంలో జిరాక్స్ పుస్తకాలతో, నకలు సాఫ్ట్‌వేర్‌తో చదివి, మిత్రునికి పాస్‌వర్డ్ ఇవ్వడం స్నేహధర్మమని ఎంచేవారికి ఇక్కడ ఏది నేరమో ఎవరో ఒకరు చెప్పాలి. డబ్బుకు అసైన్‌మెంట్లు వ్రాసిపెట్టేవారికి రెండేళ్ళ వరకు జైలుశిక్ష విధించే చట్టం 2020లో వచ్చింది. దాని గురి అమ్మేవారిపైనే; కొన్న విద్యార్థిపై చర్య తీసుకొనేది విశ్వవిద్యాలయం. నమోదు రద్దయితే వీసాకే ముప్పు. ఇల్లు తాకట్టుపెట్టి పంపిన తల్లిదండ్రుల ఆశలు ఆ ఒక్క పొరపాటుతో కూలిపోగలవు.

కనుక తొలివారంలోనే, ఉదాహరణలతో, ప్రశ్నలకు తావిచ్చే పాఠం జరగాలి. విశ్వవిద్యాలయం తన బాధ్యత నెరవేర్చేలోగా తెలుగు సంఘాలు సీనియర్ విద్యార్థుల చేత ఆ మాటలను తెలుగులోనే చెప్పించవచ్చు. కొత్తవారికి బసను, బియ్యాన్ని చూపే చేతులు ఈ హెచ్చరికనూ అందించడం కష్టం కాదు.