పరుగు నాపిన పాత్ర: వర్గీకరణ పరిమితి

సాహిత్యపాత్రలను మనస్తత్త్వవర్గములలో నిముడ్చు విమర్శకు 1921లో కార్ల్ యూంగ్ ప్రకటించిన సిద్ధాంతము మూలము. ఆలోచన, అనుభూతి, ఇంద్రియసంవేదన, అంతఃస్ఫురణ యను నాలుగు వృత్తులు అంతర్ముఖ బహిర్ముఖ భేదముచే ఎనిమిది రూపములగును. ఇచ్చట అనుభూతి యనగా ఉద్రేకము కాదు. విలువ కట్టు వృత్తి.

ఆంగ్ల రచయిత అలన్ సిలిటో 1959లో ప్రకటించిన ‘ద లోన్లీనెస్ ఆఫ్ ద లాంగ్ డిస్టెన్స్ రన్నర్’ అను కథలో స్మిత్ బాలనేరస్థుల సంస్కరణాలయమందలి పరుగుపందెగాడు. గెలుపు చేతికందుచుండగా గమ్యమునకు ముందే ఆగి, అధిపతి కోరిన కప్పు దక్కకుండునట్లు బుద్ధిపూర్వకముగా నోడును. లోకము మెచ్చు విలువకన్న తన లోపలి విలువయే ప్రమాణమైనందున నతడు అంతర్ముఖానుభూతిపరుడని చెప్పవచ్చును. కాని అధిపతి యాశను ముందే గ్రహించి, దానిని భంగపరచుటకు వేచియున్న తీరును చూచినచో ఆలోచనాపరుడనియు తోచును.

ఈ రెంటిలో నేది నిజమో తేల్చు సాక్ష్యము కథకు వెలుపల లేదు. కథ స్మిత్ నోటనే నడచును. అతడు చెప్పినంతయే మన కాధారము. ధీరోదాత్తాది నాయకభేదములను నిరూపించిన మన లాక్షణికులు వానిని రూపకనిర్మాణమునకు వినియోగించిరి. పాత్రకు రోగనిర్ణయము చేయుటకు గాదు.

కావున వర్గనామము ప్రశ్న కారంభము కావలెను, తీర్పు కారాదు. స్మిత్ ఎందు కాగెనో ఒక్క పేరుతో ముగించు విమర్శకుడు ఆ యధిపతి పనినే చేయుచున్నాడు: మనిషిని తన పట్టికలో చేర్చుకొనుచున్నాడు.