ఊరిని అడగడమంటే ఇదేనా?

ఏదైనా ప్రాజెక్టు తలపెట్టినప్పుడు ముందుగా ఆ ఊరి ప్రజల అభిప్రాయం తెలుసుకోవాలని చట్టాలు చెబుతున్నాయి. అయితే అడిగే తీరులోనే జవాబు ముందుగా ఖరారైపోతున్నదన్న అనుమానం ఆదిలాబాద్, కరీంనగర్ పాత జిల్లాల పల్లెల్లో బలపడుతున్నది. ఈ అనుమానాన్ని కొట్టిపారేయడానికి వీలు లేదు.

2025 మే 30న రాష్ట్ర ప్రభుత్వం 49వ నంబరు జీవో జారీ చేసింది. కవ్వాల్ అడవులను మహారాష్ట్రలోని తాడోబాతో కలిపే పులుల దారిని కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటించింది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 36-ఎ సెక్షన్ ప్రకారం స్థానిక ప్రజలతో సంప్రదించిన తరువాతే ఇటువంటి ప్రకటన చేయాలి. తమ గ్రామసభలను అడగలేదని, పోడు భూములకు ముప్పు వస్తుందని ఆదివాసీ సంఘాలు ఆందోళనకు దిగాయి. జూలైలో ప్రభుత్వం ఆ జీవోను నిలిపివేసింది. పులిని కాపాడవలసిందే. కానీ పులి తిరిగే అడవిలోనే తరతరాలుగా బతుకుతున్న గోండు, కొలాం ప్రజలతో ముందే మనసు విప్పి మాట్లాడి ఉంటే ఇంత రగడ జరిగేది కాదు.

నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లోనూ ఇదే గుణపాఠం. ఇథనాల్ ఫ్యాక్టరీ వల్ల నీరు, పొలాలు చెడిపోతాయన్న భయంతో 2024 నవంబరులో దిలావర్‌పూర్, గుండంపల్లి ప్రజలు పిల్లాపాపలతో రహదారిపై బైఠాయించారు. చివరకు పనులు ఆపుతున్నట్టు అధికారులు ప్రకటించారు. వ్యర్థజలం బయటికి వదలకుండా, పెట్రోలులో కలపడానికి మాత్రమే ధాన్యంతో ఇథనాల్ తయారుచేసే ఫ్యాక్టరీలను కేంద్రం 2021 జూన్‌లో ప్రజా విచారణ అక్కరలేని బి-2 వర్గంలో చేర్చింది. అడగవలసిన అవసరమే లేదని కాగితం మీద తేల్చితే, ఊరు రోడ్డు మీదికి వచ్చి చెప్పడం తప్ప మరేం చేస్తుంది?

ప్రజా విచారణ జరిగే చోట కూడా త్రాసు సమంగా లేదు. బొగ్గు గనుల వంటి పెద్ద ప్రాజెక్టులకు 2006 సెప్టెంబరు నాటి కేంద్ర నోటిఫికేషనే ఆధారం. దాని ప్రకారం పర్యావరణంపై పడే ప్రభావాన్ని లెక్కగట్టే నివేదికను తయారుచేసేది ప్రాజెక్టు యాజమాన్యం కుదుర్చుకున్న సంస్థే. ఫీజు చెల్లించేదీ ఆ యాజమాన్యమే. జీతమిచ్చేవాడి పంటను జీతగాడు తాలు అంటాడా? విచారణకు కనీస హాజరు ఉండాలన్న నియమం కూడా లేదు. పత్తి ఏరే రోజుల్లో పెడితే భూమి పోయే రైతు చేనులో ఉంటాడు, కాంట్రాక్టు ఆశ ఉన్నవాడు ముందు కుర్చీలో ఉంటాడు. పైగా ఆ సభలో ఓటింగ్ ఉండదు. ఊరంతా వద్దన్నా అది అభ్యంతరంగా నమోదవుతుందే తప్ప ప్రాజెక్టు దానంతట అది ఆగదు. ఈ సంగతి చాలామంది రైతులకు తెలియదు.

గ్రామసభ మాటకు ఇంతకన్న బరువున్నది. అటవీ హక్కుల నియమాల ప్రకారం సభ్యుల్లో సగం మందికి తక్కువ కాకుండా హాజరు కావాలి. హాజరైన వారిలో మూడో వంతు స్త్రీలుండాలి. ఒడిశాలోని నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వకాల వ్యవహారాన్ని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు గ్రామసభలకే అప్పగించింది. వందకు పైగా ఊళ్లున్న ఆ కొండల్లో ప్రభుత్వం 12 ఊళ్లను మాత్రమే ఎంపిక చేసిందన్న విమర్శ వచ్చింది. అయినా జిల్లా జడ్జి స్థాయి అధికారి ఎదుట సభలు జరిగాయి. పన్నెండు ఊళ్లూ ఒక్కమాటగా వద్దన్నాయి. గని రాలేదు. నడిపేవారిపై ఒక తటస్థుని కన్ను ఉంటే పేదవాని మాట కాగితంలోకి ఎక్కుతుందని ఇది రుజువు చేసింది.

అడగడమంటే ఏమిటో మన ప్రాంతానికి కొత్తగా నేర్పనక్కరలేదు. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం నేలకొరిగిన తరువాతనే నిజాం ప్రభుత్వానికి గోండుల గోడు వినాలని తోచింది. హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో మకాం పెట్టి, గోండి నేర్చుకుని, వారి బాధలు విన్నాడు. ఆయన సిఫార్సులతో వేలాది మందికి భూములు దక్కాయి. రక్తం చిందాక విన్న మాటను ముందే వినడానికి నేటి ప్రభుత్వాలకు అడ్డేమిటి?

ప్రభావ నివేదిక రాసే సంస్థను యాజమాన్యం కాక ప్రభుత్వం ఎంపిక చేయాలి. దాని ఖర్చును యాజమాన్యం నుంచి ప్రభుత్వ నిధికి రాబట్టి అక్కడి నుంచే చెల్లించాలి. విచారణకు 30 రోజుల ముందు పత్రికలో ప్రకటన వేసి చేతులు దులుపుకోకుండా ప్రతి గూడెంలో డప్పు చాటింపు వేయించాలి. నివేదిక సారాంశాన్ని తెలుగులో పంచాయతీ గోడకు అంటించాలి. గోండి, కొలామీ మాట్లాడే చోట ఆ భాషల్లోనే వివరించాలి. వ్యవసాయ పనులు ముమ్మరంగా ఉన్న రోజుల్లో విచారణ పెట్టరాదు. భూమి, నీరు, ఇల్లు పోయేవారికే మొదట మైకు ఇవ్వాలి. న్యాయాధికారి ఒకరు పరిశీలకునిగా ఉండాలి.

ప్రజలు కూడా ఏమరుపాటుగా ఉండరాదు. ఖాళీ రిజిస్టరులో సంతకం గాని, వేలిముద్ర గాని వేయరాదు. ఎందుకు సంతకమో చదివించుకున్నాకే వేయాలి. అభ్యంతరాన్ని రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు నకలుపై సంతకం తీసుకోవాలి. సభ ముగిసేలోగా రాసుకున్న విషయాలను అందరి ముందూ చదివి వినిపించాలని నిబంధనలోనే ఉన్నది. అది వినకుండా కదలరాదు.

ఊరి నోట ఔననిపించుకోవడానికే సభలు పెట్టడం ప్రజాస్వామ్యం కాదు. కాదనే హక్కు ఉన్నప్పుడే ఔననే మాటకు విలువ ఉంటుంది.