కప్పం కట్టని సమ్మక్క

రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి దగ్గర పడిందంటే బొగ్గుబాయి ఊళ్లన్నీ మేడారం జాతర దారి పడతాయి. గోలేటి, బెల్లంపల్లి, మందమర్రి, రామగుండం, ఏ కాలనీలోనైనా మొక్కున్న ఇంట్లో నిలువెత్తు బంగారంగా బెల్లం తూగుతుంది. అంత దూరం పోలేనివాళ్లు గోదావరిఖని దగ్గర గోదావరి ఒడ్డునే సమ్మక్క గద్దెలకు మొక్కుతారు. పిల్లలు పుట్టాలని, బాయిలోకి దిగినవాడు క్షేమంగా పైకి రావాలని, పిల్లవాడికి కొలువు దొరకాలని తల్లిని అడుగుతారు. ఆ తల్లి యుద్ధానికి ఎందుకు దిగిందని మాత్రం ఎవరూ అడగరు. నలుగురూ అడగాల్సిన ప్రశ్న అదే.

కథ అందరికీ తెలిసిందే. అడవిలో పులుల మధ్య దొరికిన పాపను పొలవాస మేడరాజు పెంచుకున్నాడు. ఆ పాపే సమ్మక్క. ఆమె మేడారం ఏలే పగిడిద్దరాజును పెళ్లాడింది. సారలమ్మ, నాగులమ్మ, జంపన్న వాళ్ల బిడ్డలు. వరసగా కరువు వచ్చింది. పంట లేదు, కప్పం కట్టలేమని కోయలు తెగేసి చెప్పారు. ఓరుగల్లు ప్రతాపరుద్రుడు సేనను పంపాడు. పగిడిద్దరాజు పడిపోయాడు, సారలమ్మ నేలకొరిగింది, అల్లుడు గోవిందరాజు పోయాడు. ఓటమిని భరించలేక జంపన్న సంపెంగవాగులో దూకాడు. ఆ తర్వాత కూడా సమ్మక్క ఒక్కతే కాకతీయ సేనను నిలువరించింది. ఎదురుగా నిలిచి ఆమెను గెలవలేక వెనక నుంచి పొడిచారు. నెత్తుటితోనే చిలకలగుట్ట ఎక్కి కనుమరుగైంది. వెతుక్కుంటూ పోయినవాళ్లకు చెట్టు కింద పుట్ట దగ్గర కుంకుమభరిణె దొరికింది.

ఇందులో చరిత్ర ఎంత? హనుమకొండ వేయిస్తంభాల గుడిలో 1163 నాటి రుద్రదేవుడి శాసనం ఉంది. అతడు గెలిచిన రాజుల్లో మేడరాజు పేరు అందులో చెక్కారు. ఆ మేడరాజుది జగిత్యాల దగ్గరి పొలవాస, ఇప్పటి పొలాస. చరిత్రకారులు రుద్రదేవుణ్ణే మొదటి ప్రతాపరుద్రుడని కూడా పిలుస్తారు. ఓరుగల్లును చివరిగా ఏలిన ప్రతాపరుద్రుడి కాలం 1289 నుంచి 1323 దాకా. ఆ శాసనానికీ ఇతడి ఏలుబడికీ నడుమ వందేళ్లకు పైగా దూరం ఉంది. జనం నోట ఈ ఇద్దరు ప్రతాపరుద్రులూ ఒక్కరై ఉంటారని నా ఊహ. పొలవాస పాలకుల శాసనాల్లో వాళ్లు కోయలన్న మాట కూడా కనిపించదు. అందుకని ఈ శాసనాన్ని చూపించి సమ్మక్క యుద్ధం ఫలానా ఏట జరిగిందని తేల్చలేం. ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పొచ్చు. కాకతీయులు గోదావరి దిక్కుకు రాజ్యం పెంచుకుంటూ ఇక్కడి చిన్న రాజ్యాలను కత్తితో లొంగదీసుకున్న మాట నిజం. ఆ విజయాన్ని గెలిచినవాడు రాతిలో చెక్కించుకున్నాడు. ఓడినవాళ్ల పక్షాన నిలిచింది కోయల కథే.

ఆ కథ డోలి కళాకారుల గొంతులో బతికింది. గుడ్డ మీద బొమ్మలుగా గీసిన పడిగెను పరిచి, డోలు వాయిస్తూ వంశాల చరిత్రను పాడుతారు. సింగరేణి బొగ్గు తీసే మణుగూరు దగ్గరే కూనవరంలో ఉండే సకిని రామచంద్రయ్య అలాంటి గాయకుడు. 2022లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆయన పోయారు. అలాంటి ఒక్క మనిషి పోతే ఎంత కథ పోతుందో, మనం మైకుల్లో పెట్టి వినే జాతర పాటల్లో ఎంత మిగులుతుందో ఆలోచిస్తే గుండె బరువెక్కుతుంది. ఆ పాటల్లో తల్లి మహిమ ఉంటుంది. కరువులో కప్పం అడిగిన రాజు కనిపించడు.

ఒకప్పుడు ఏలికకు ఎదురు తిరిగిన ఆ తల్లిని ఇవాళ ఏలికే నెత్తిన పెట్టుకుంటుంది. జాతరను 1996లో రాష్ట్ర పండుగగా ప్రకటించారు. చిలకలగుట్ట నుంచి ఆమె దిగివచ్చే వేళ జిల్లా ఎస్పీ గాల్లోకి తుపాకి పేల్చి స్వాగతం చెబుతారు. తుపాకులగూడెం బరాజుకు ఆమె పేరు పెట్టారు. ఈ గౌరవాన్ని నేను తక్కువ చేయను, కోయ పూజారుల చేతుల్లోనే పూజ ఉండటం చిన్న విషయం కాదు. కానీ దేవత అయ్యాక యుద్ధం మరుగున పడుతోంది. వరమిచ్చే తల్లిని ఎవరైనా మొక్కగలరు. పన్ను కట్టనన్న ఆడమనిషి మాట అర్థం కావాలంటే అడవి ఎవరిది, నేల ఎవరిది అన్న లెక్క తీయాలి. బొగ్గు కోసం అడవీ పొలమూ ఇచ్చిన గూడేలున్న ఈ ప్రాంతంలో ఆ లెక్క ఇంకా తెగలేదు.

గోలేటి ఉన్న జిల్లాకు కుమురం భీం పేరు ఉంది. జోడేఘాట్ పోరు కూడా ఇలాగే మొదలైంది. అడవిలో పోడు కొట్టుకుంటే కేసు, పశువుల్ని మేపితే పన్ను. నిజాం సర్కారు మీద గోండులు, కోలాములు తిరగబడ్డారు. 1940లో భీం తూటాలకు బలయ్యాడు. ఆశ్వయుజ పౌర్ణమికి ఏటా ఆయన్ను తలుచుకుంటాం. సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన నవల ఆ పోరును తెలుగు పాఠకులకు దగ్గర చేసింది. మరి జోడేఘాట్ గుట్టల మీద ఉన్న ఆడవాళ్లెవరు? భీం భార్య సోంబాయి పేరు ఒక్కటే చాలామందికి తెలుసు. నెలల తరబడి గుట్ట మీద ఉన్న దండుకు అన్నం, కబురు, కాపలా ఎక్కడి నుంచి వచ్చాయి? ఎనిమిది వందల ఏళ్ల కిందటిదని చెప్పే పోరులో తల్లి పేరు, కూతురు పేరు నిలిచాయి. వందేళ్లు కూడా నిండని పోరులో ఆడవాళ్ల పేర్లు నిలవలేదు. కోయలు డోలితో, పడిగెతో చేసిన పని మనం కాగితంతో చేయలేకపోయాం.

నల్లగొండలో పరిస్థితి వేరు. తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకి పట్టి దళాన్ని నడిపిన మల్లు స్వరాజ్యం 2022 దాకా బతికి ఉన్నారు. తన కథ తానే చెప్పుకోగలిగారు. జోడేఘాట్ ఆడవాళ్లను ఆ రోజుల్లో ఎవరూ కూర్చోబెట్టి అడగలేదు.

పార్లమెంటు చట్టంతో ములుగులో సమ్మక్క సారక్క పేరిట కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం వచ్చింది. ఆ పేరు పెట్టుకున్నందుకు అది మొదట చేయాల్సిన పని పడిగెలను, డోలి పాటలను కోయ భాషలోనే రికార్డు చేయడం. ఒక్కో గూడెంలో కథ ఒక్కో తీరుగా ఉంటుంది. వాటన్నిటినీ కలిపి ఒక్క పాఠంగా రుద్దకూడదు, ఉన్నవి ఉన్నట్టు దాచాలి. అక్కడితో ఆగకుండా కెరమెరి, తిర్యాణి గూడేల్లో గోండి, కోలామి మాట్లాడే ముసలమ్మల దగ్గరికీ పోవాలి. వాళ్ల అమ్మలు, నాయనమ్మలు 1940లో ఏం చేశారో అడిగి రాసుకోవాలి. ఆ పేర్లు జోడేఘాట్ మ్యూజియంలో భీం పక్కన ఉండాలి. సింగరేణి తన బడుల్లో ఈ కథలు చెప్పించడానికి ఎవరి అనుమతి కోసమూ ఎదురుచూడక్కర్లేదు. అడగాల్సిన ముసలమ్మలు ఏటికేడు తగ్గిపోతున్నారు, కనుక వచ్చే జాతర దాకా ఆగకుండా ఈ ఏడే మొదలుపెట్టాలి.